తీవ్రగతికి అర్హులు

ప్రభుత్వ కార్యాలయంలో కొత్త ల్యాప్‌టాప్ వచ్చే రోజు కంటే, వస్తుందని తెలిసిన రోజే గొప్పది. వచ్చిన ల్యాప్‌టాప్‌తో పని చెయ్యాల్సి ఉంటుంది. రాబోయే ల్యాప్‌టాప్‌తో ఆ ఇబ్బంది లేదు. దాని గురించి మాట్లాడుకుంటే చాలు, అదీ ఆఫీసు టైములోనే.

అలాంటి గొప్ప రోజు గ్రామీణ ధ్రువీకరణల శాఖ డోర్నకల్ కార్యాలయానికి వర్షాలు మొదలైన కొత్తలో వచ్చింది. (ఈ శాఖ ఏం చేస్తుందని అడిగేవారికి: మీరు మీరేనని, మీ ఊరు మీ ఊరేనని రాసి ఇస్తుంది. ఈ రెండు సంగతులూ మీకు ముందే తెలిసి ఉండవచ్చు. మీకు తెలిస్తే చాలదు.) జనగామలోని ప్రాంతీయ కార్యాలయం సర్క్యులర్ పంపింది. జనగామ, మహబూబాబాద్ (జనం నోట మానుకోట), భూపాలపల్లి జిల్లాల్లో శాఖవారి పాత ల్యాప్‌టాపులన్నీ మార్చబోతున్నారు. ఎవరికి ఎంత వేగం గల ప్రాసెసర్ కావాలో వారే కోరుకోవచ్చు. రకాలు మూడు: మందగతి, మధ్యగతి, తీవ్రగతి. (బజార్లో వీటిని ఐ త్రీ, ఐ ఫైవ్, ఐ సెవెన్ అంటారు. శాఖకు బజారుతో సంబంధం లేదు.)

ధ్రువీకరణ సహాయకురాలు శైలజ ఆ సర్క్యులర్ చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివింది. రైల్వేలో పనిచేసి రిటైరైన తండ్రితో చర్చి వెనక వీధిలో ఉంటుంది ఆమె. ఉద్యోగంలో చేరిన రోజున ఇచ్చిన ల్యాప్‌టాపే ఇప్పటికీ ఆమె బల్ల మీద ఉంది. ఇచ్చిననాడే అది పాతది. పొద్దున దాని మీట నొక్కి, కుండలో మంచినీళ్ళు నింపి, కిటికీలు తెరిచి, పక్క సీటువాళ్ళ ఇంట్లో అందరూ బాగున్నారా అని పేరు పేరునా అడిగి వస్తే అప్పటికి తెర మీద వెలుతురు వచ్చేది. బ్యాటరీ ఉబ్బిపోయి, టైపు చేస్తుంటే ఉయ్యాలలా ఊగేది. ఫ్యాను తిరగడం మొదలైతే కొత్తగా వచ్చినవాళ్ళు గూడ్సు బండి వస్తోందనుకుని స్టేషన్ వైపు చూసేవారు. పైగా ‘ల’ అక్షరం మీట ఊడిపోయింది. అక్కడున్న చిన్న రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి నొక్కాలి. పేరులో ‘ల’ ఉన్నవారికి డోర్నకల్‌లో ఆలస్యం కొంచెం ఎక్కువ. ఊరి పేరులోనే ‘ల్’ ఉండడం వల్ల ఆ ఆలస్యం అందరికీ సమానంగా పంచినట్టయింది.

పక్క సీటు దయాకర్ అప్పటికే ఫోనులో వీడియోలు చూసి ప్రాసెసర్లలో పండితుడయ్యాడు.

“అక్కా, ఐ సెవెన్ అంటే మామూలు ముచ్చట కాదు. లోపట ఎనిమిది మంది వంటోళ్ళు ఉన్నట్టు. ఒకడు కోస్తడు, ఒకడు వేపుతడు, ఒకడు వడ్డిస్తడు. ఐ త్రీల ఒకలిద్దరే అన్నీ చెయ్యాలె, పాపం.”

“మనం చేసేది ఒక్క కప్పు చాయే కద తమ్మీ,” అంది శైలజ.

“చాయ్ అయినా గని, ఎనిమిది మంది పెడితే ఎట్లుంటదో చూడు.”

ఆమె నవ్వింది కానీ, ఆ రాత్రి అన్నం తింటూ తండ్రికి కూడా ఆ ఎనిమిది మంది వంటవాళ్ళ సంగతి చెప్పింది. మర్నాడు తన కోరిక రాసి పంపింది: తీవ్రగతి. ఎన్నాళ్ళకో ఆమె తన కోసం ఏదన్నా అడగడం అది.

మూడు జిల్లాల్లోనూ అందరూ తీవ్రగతే కోరారు. దీనితో శాఖలో గాభరా పుట్టి, వేగ సమన్వయాధికారి అనే కొత్త పదవి పుట్టింది. ఆ పదవిలోకి వరుణ్ అనే యువ అధికారి వచ్చారు. రాగానే ఆయన రెండో సర్క్యులర్ ఇచ్చారు. కోరిన వేగానికి తగిన అవసరం ఉన్నట్టు రుజువు కావాలి. అవసరానికి ఏకైక కొలత పెండింగు. నెలాఖరుకు ఎవరి దగ్గర ఎంత ఎక్కువ పని మిగిలి ఉంటే వారికి అంత వేగమైన యంత్రం. ఏమీ మిగలకపోతే, ఉన్న యంత్రమే చాలునని అర్థం. (ఇందులో తప్పు పట్టడానికి చాలామంది ప్రయత్నించారు. తర్కం నిర్దోషంగా ఉంది.)

సూపరింటెండెంట్ హన్మంతు సిబ్బందిని పిలిచారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి కావడంతో ప్రతి మాటా తూచి మాట్లాడతారు.

“పని చెయ్యొద్దని నేను అంటలేను. నేనట్ల ఎన్నడన్న? కాకపోతే చేసినోళ్ళకు కొత్తది రాదని మాత్రం చెప్తున్న. ఇగ మీ ఇష్టం.”

అలా డోర్నకల్ కార్యాలయంలో పెండింగు సాగు మొదలైంది. దయాకర్ పొద్దున్నే వచ్చి తన దరఖాస్తుల కట్టను, నారుమడి చూసుకునే రైతులా, నాలుగు వైపుల నుంచీ చూసుకునేవాడు. మిగతా చోట్ల నుంచి కూడా కబుర్లు అందేవి. కాటారంలో కొత్త దరఖాస్తును పాతవాటి మీద పెట్టేటప్పుడు, కిందివి నిద్ర లేస్తాయేమోనన్నంత మెల్లగా పెడుతున్నారట. టేకుమట్లలో ఒకాయన అలవాటుకొద్దీ ఒక ధ్రువపత్రం ఇచ్చేసి, దాన్ని వాపసు తెచ్చుకోవడానికి బండేసుకుని ఆ ఊరికి పోయాడట.

శైలజ మొదట్లో ఇబ్బంది పడింది. తర్వాత అలవాటైంది. వచ్చినవాళ్ళతో “కొత్త మిషిన్ వస్తున్నది, వచ్చే నెల రాండ్రి, చిటికెల అయితది” అని చెప్పేది. జనం కూడా తలూపి వెళ్ళిపోయేవారు. ఎవరూ కోప్పడకపోవడం ఆమెకు కొంచెం బాధగానే ఉండేది, కానీ తీవ్రగతి గుర్తుకొస్తే ఆ బాధ తగ్గేది. కొత్త ల్యాప్‌టాప్ కోసం బల్ల మీద ఒక మూల ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి కూడా పెట్టింది.

నెలాఖరుకు ముందు రోజు మధ్యాహ్నం జమ్లీ వచ్చింది. ఊరి బయటి తండాలో ఉంటుంది, కూలి పనికి పోతుంది. వెంట కూతురు దీప ఉంది. ఇంటరు పాసైన పిల్ల, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితాలు.

“మేడం, జర చూడు. పిల్లకు మానుకోటల నర్సు చదువుకు సీటొచ్చింది. రేపు సాయంత్రం లోపట మన ఊరి కాగితం ఇయ్యకపోతే సీటు ఇంకొకలకు పోతదట.”

“వచ్చే నెల రా అక్కా, కొత్త మిషిన్...” అని శైలజ అలవాటుగా మొదలుపెట్టి ఆగిపోయింది. రేపు సాయంత్రమంటే వచ్చే నెల కాదు.

దీప బల్ల మీది ల్యాప్‌టాప్ వైపు చూసింది. “ఇది పని చేస్తలేదా మేడం?”

శైలజకు అబద్ధం చెప్పడం సరిగ్గా రాదు. “చేస్తది. కానీ చెయ్యొద్దు.”

“ఎందుకు?”

“ఇది పని చేస్తే కొత్తది రాదమ్మా.”

తల్లీకూతుళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. తర్వాత జమ్లీ, ఎగతాళి ఏమీ లేకుండా, అర్థం చేసుకోవడానికే అడిగింది: “అంటే ఇది చచ్చిందని మీ పెద్దసార్లకు చూపెట్టాలె. కానీ ఇదింక బతికే ఉన్నది. గంతేనా?”

“గంతే.”

“నా బిడ్డ సీటు కూడ రేపటిదాకే బతికుంటది చెల్లె,” అంది జమ్లీ. అని, బతిమాలకుండా, గోడ పక్కన కూర్చుని మూట విప్పి, కూతురికి రొట్టె ఇచ్చింది. శైలజకూ ఒకటి చాపింది. “తిను. నువ్వు కూడ పొద్దటిసంది కూసునే ఉన్నవు.”

పొద్దుటి నుంచీ ఊరికే కూర్చుని అలసిపోయిన మనిషికి ఎవరూ రొట్టె పెట్టరు. శైలజ అది తీసుకుంది. సగం తిన్నాక, చెయ్యి కడుక్కుని, మీట నొక్కింది.

దయాకర్ కుర్చీలోంచి లేచాడు. “అక్కా, ఏం చేస్తున్నవ్? ఇంకొక్క రోజు ఆగరాదా!”

“ఒక్కటే తమ్మీ. ఒక్కటి చేస్తే ఏమైతది?”

ల్యాప్‌టాప్ తనకు అలవాటైన కాలం తీసుకుంది. ఫ్యాను హోరు మొదలైంది. శైలజ అగ్గిపుల్లతో జమ్లీ పేరు, ఊరి పేరు పూర్తిచేసింది. హన్మంతు గారు సంతకం పెడుతూ ఎందుకని అడగలేదు. (అడిగితే తెలిసేది. తెలిస్తే ఆపాల్సి వచ్చేది. ఆయన అనుభవం గల అధికారి.) ప్రింటరు కాగితాన్ని బయటికి నెట్టింది. దీప దాన్ని వేడిగా ఉండగానే రెండు చేతులతో పట్టుకుని, తన ఊరు తన ఊరేనని చదువుకుని, నవ్వింది.

అక్కడితో అయిపోతే ఈ కథ లేదు. ఫ్యాను చప్పుడు వీధిలోకి వినిపించింది. డోర్నకల్ కార్యాలయంలో యంత్రం నడుస్తోందన్న వార్త చాయ్ హోటలుకు, అక్కడి నుంచి స్టేషనుకు పోయింది. మొదట ఒక గ్యాంగ్‌మన్ వచ్చాడు. తర్వాత, పింఛను కోసం ఊరి కాగితం అడిగి నెల నుంచీ తిరుగుతున్న కాటమయ్య వచ్చాడు. తర్వాత వరుసే వచ్చింది.

“ఎట్లాగూ మిషిన్ చాలూ అయింది కద బిడ్డా,” అన్నాడు కాటమయ్య. “దాన్ని మల్ల మల్ల లేపుడెందుకు? లేసినప్పుడే అందరియి కొట్టెయ్.”

శైలజ అతని కాగితం ముందుకు లాక్కుని చెయ్యడం మొదలుపెట్టింది. జమ్లీ వెళ్ళిపోకుండా వరుసను సరిచేస్తూ నిలబడింది. ‘ల’ లేని పేర్లవాళ్ళను ముందుకు, ఉన్నవాళ్ళను వెనక్కి పంపింది. దీప కాగితాలు అందించింది. ఎవరో చాయ్ తెప్పించారు. ల్యాప్‌టాప్ ఊగుతుంటే గ్యాంగ్‌మన్ ఒక మూల వేలితో నొక్కిపట్టి, పట్టాల పని కంటే ఇదే కష్టమన్నాడు. జనమంతా నవ్వారు. శైలజ కూడా. ఆఫీసులో నవ్వు వినిపించి చాలా రోజులైంది. సాయంత్రానికి దయాకర్ దగ్గరి దరఖాస్తుదారులు కొందరు తమ కాగితాలు తీసుకుని ఈ వరుసలోకి వచ్చేశారు. అతను వాటిని చివరిదాకా పట్టుకుని, బాధగా వదిలాడు.

దీపం పెట్టే వేళకు వరుస అయిపోయింది. శైలజ తన బల్ల వైపు చూసుకుంది. మిగిలిందేమీ లేదు. వేళ్ళు నొప్పి పెడుతున్నాయి, మనసు హాయిగా ఉంది. తీవ్రగతి పోయిందన్న సంగతి ఇంటికి నడుస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది.

“పోనీ తీ బిడ్డా,” అన్నాడు తండ్రి. “ఆ వంటోళ్ళు వేరే ఇంట్ల వండుకుంటరు.”

తర్వాతి వారం అందరూ తమ పాత ల్యాప్‌టాపులు పట్టుకుని రైలెక్కి జనగామ పోయారు. వరుణ్ గారు ఒక్కొక్కరినీ పిలిచి అవసరం కొలిచారు. దయాకర్‌కు తీవ్రగతి మంజూరైంది. (ఉన్న పెండింగులో కొంత పోగొట్టుకున్నా, మిగిలింది ఆరోగ్యంగా ఉంది.) శైలజ వంతు వచ్చింది.

“మీ దగ్గర పెండింగు సున్నా,” అన్నారు వరుణ్ గారు, కొంచెం జాలిగా.

“అవును సార్. కానీ నా మిషిన్ మస్తు పాతది. జర మీరే ఒకసారి ఆన్ చేసి చూడుండ్రి.”

“ఆన్ చేసి చూస్తే మా అభిప్రాయం ప్రభావితమవుతుందమ్మా. నిష్పక్షపాతంగా ఉండాలి కదా.”

“అది నడుస్తలేదు సార్. మేమే దాన్ని నడిపిస్తున్నం. ఒకరు మూలకు పట్టుకోవాలె, ఒకరు...”

ఆయన చెయ్యెత్తి ఆపి, తన కంప్యూటర్ తెర మీద ఏదో చూసి, మెల్లగా ముందుకు వంగారు. “ఒక్క మధ్యాహ్నంలో నెల రోజుల పనా? మూడు జిల్లాల్లో ఏ యంత్రమూ ఇంత వేగం చూపించలేదు. ఈ ల్యాప్‌టాప్‌లో ఏ ప్రాసెసర్ ఉంది?”

శైలజకు తెలియదు. స్టిక్కరు ఎప్పుడో రాలిపోయింది.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. డోర్నకల్ యంత్రం ప్రాంతంలోకెల్లా అత్యంత వేగవంతమైనదని తేలినందున, సదరు వేగానికి కారణాలను అధ్యయనం చేయడానికి దాన్ని జనగామకు తరలించాలి. సదరు బల్ల యంత్రం లేకుండా ఉండకూడదు కాబట్టి, దాని బదులు తాత్కాలికంగా ఒక తీవ్రగతి యంత్రం పంపబడును. ఉత్తర్వులో శైలజ పేరు లేదు. వేగం యంత్రానిదే కాబట్టి ఉండాల్సిన పనీ లేదు.

అదే రోజు జమ్లీ జిలేబీ పొట్లంతో వచ్చింది. దీప మానుకోట హాస్టల్లో చేరిపోయిందట. తెల్ల కోటు వేసుకుని ఫొటో పంపింది. శైలజ ఆ ఫొటోను అందరికీ చూపించి, దయాకర్‌కు రెండు జిలేబీలు ఇచ్చింది. దయాకర్ తన తీవ్రగతి యంత్రానికి ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. తీస్తే పని మొదలుపెట్టాల్సి వస్తుందని అతని భయం.

కొత్త ల్యాప్‌టాప్ సోమవారం శైలజ బల్ల మీదికి వచ్చింది. సన్నగా, చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ‘ల’ కూడా ఉంది. బయట అప్పటికే జనం చేరారు, హన్మంతు గారు తన గదిలోంచి వచ్చి నిలబడ్డారు, కూలికి పోతూ ఆగిన జమ్లీ ముందుకు వంగి చూసింది. శైలజ లోలోపల ఒక ప్రార్థన చేసుకుని మీట నొక్కింది. రెప్ప వేసేలోగా తెర వెలిగింది. రెండో రెప్పకు శాఖవారి పేజీ తెరుచుకుంది.

సర్వర్ పనిచేయడం లేదన్న సంగతిని అంత వేగంగా చెప్పిన యంత్రాన్ని డోర్నకల్ అంతకు ముందెన్నడూ చూడలేదు.