ఐవిన్ మాస్టారి మొదటి పాఠం

మంగళవారం పొద్దున ఐవిన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకు వయోజనుల బడికి వెళ్ళాలి, వెనక వరసలో కూర్చోవాలి, ఇటాలియన్‌లో నాలుగు ముక్కలు నేర్చుకుని భోజనం వేళకు ఇల్లు చేరాలి.

డెబ్భై రెండేళ్ళ ఐవిన్ స్వెండ్‌బోర్గ్ రేవులో ముప్ఫయ్యేళ్ళు ఫెర్రీ ఇంజన్లు చూసుకుని రిటైరయ్యాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా కిటికీ దగ్గర కూర్చుని, అవే ఫెర్రీలు తను లేకుండా నిక్షేపంగా వెళ్ళిపోవడం చూస్తున్నాడు. భార్య బోదిల్ అలా కాదు. ఏటా ఏదో ఒకటి నేర్చుకుంటుంది: కుండలు చేయడం, తేనెటీగల పెంపకం, మొన్నటికి మొన్న డోలు.

"వసంతంలో ఇటలీ వెళ్తున్నా," అంది ఆమె పోయిన వారం, రై రొట్టెకు వెన్న రాస్తూ. "భాష నేర్చుకుంటే నువ్వొస్తావు, లేకపోతే మా చెల్లొస్తుంది. ఎండిన మొద్దును పక్కనేసుకుని నేను రైలెక్కలేను."

ఆ మాట ముల్లులా దిగింది. ఆ రోజే బడికి దరఖాస్తు పంపాడు. జవాబు రాకముందే ఈ మంగళవారం ఇస్త్రీ కోటు తొడుక్కుని, అరగంట ముందే బడికి చేరాడు. గదిలో ఎవరూ లేరు. దీపాలు వేశాడు. నల్లబల్ల నిండా నిన్నటి రాతలు. మురికి చూస్తే ఇంజనువాడి చేయి ఊరుకుంటుందా? తుడవసాగాడు. సరిగ్గా అప్పుడే జనం వచ్చారు. పద్దెనిమిది మంది కూర్చుని, నోటు పుస్తకాలు తెరిచి, ఆయన వంక చూశారు. ఖాళీగా మిగిలింది నల్లబల్ల పక్కనున్న టీచరు కుర్చీ ఒక్కటే.

"మీరు పొరబడ్డారు. నాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు," అన్నాడు ఐవిన్.

"చూశారా!" అంది ఎర్ర కళ్ళజోడు పెట్టుకున్న ఇంగర్ అనే ఆవిడ. "ఇదీ కొత్త పద్ధతి. మాస్టారు ఏమీ రానట్టు నటిస్తారు, మనచేత చెప్పిస్తారు."

"నటన కాదమ్మా, నిజంగానే రాదు!"

"అబ్బ, ఎంత సహజంగా చేస్తున్నారో!"

ఐవిన్ చెమట తుడుచుకుంటూ తలుపు వైపు నడిచాడు. "లేవండి లేవండి! నడుస్తూ నేర్పుతున్నారు," అని ఇంగర్ కేకేసింది. పద్దెనిమిది మందీ లేచి ఆయన వెనక బారులు తీరారు. గతిలేక ఆయన వెనక్కి వచ్చాడు. వాళ్ళూ వచ్చారు. ఆయనకు ప్రాణం పోయినంత పనైంది. నిజం చెబితే నమ్మేవాళ్ళు లేరు, అబద్ధమాడదామంటే భాష రాదు.

అంతలో ఒక యువతి రొప్పుతూ తలుపు తీసింది. చేతుల నిండా సైకిలు గొలుసు మడ్డి. ఐవిన్‌ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని కాబోలనుకున్నాడాయన.

"నీకైనా ఇటాలియన్ వచ్చా తల్లీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"వచ్చండి."

"అయితే నా పాలిట దేవతవే. ఇలా వచ్చి చెప్పు!" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆమె చేతులు తుడుచుకుని పాఠం మొదలుపెట్టింది. పోవడానికి ఇంకా పరువు మిగల్లేదు కనుక, ఐవిన్ మాటమాటకీ "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అన్నాడు. అది చూసి మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చి అడగసాగారు.

గంట తర్వాత బడి నడిపే హెన్నింగ్ తొంగిచూశాడు. "కొత్త టీచరు ఎలా ఉన్నారు?"

పద్దెనిమిది వేళ్ళూ ఐవిన్ వైపు లేచాయి.

"ఈయనెవరు? టీచరు ఈ లొరెంజా కదా!" అన్నాడు హెన్నింగ్ ఆ యువతిని చూపిస్తూ. ఐవిన్ పేరు చెప్పాడు. హెన్నింగ్ జాబితా తిరగేశాడు. "మీకు సీటే రాలేదండీ. ఎవరైనా మానేస్తే పిలుద్దామని రాసుకున్నవాళ్ళలో మీరు అయిదోవారు. గదికి పద్దెనిమిది మందే."

ఐవిన్ టోపీ తీసుకున్నాడు. ఇంట్లో కిటికీ దగ్గరి కుర్చీ కళ్ళముందు మెదిలింది. ఇక చచ్చేదాకా అందులోనే కూర్చోవాలి.

"ఆగండి!" అంది లొరెంజా. "ఇది నా మొదటి రోజు. ఆలస్యమయ్యేసరికి నా ఉద్యోగం ఈయనకిచ్చేశారనుకున్నాను. చెప్పమంటే పరీక్ష అనుకుని చెప్పాను. ఈయన అడగబట్టే వీళ్ళందరూ అడిగారు. వచ్చే వారం ఈయన లేకపోతే నోరు విప్పేదెవరు?"

"ఆయన వెళ్తే మేమూ వెళ్తాం," అంది ఇంగర్.

హెన్నింగ్ బుర్ర గోక్కున్నాడు. "పరిమితి విద్యార్థులకే గానీ టీచర్లకు లేదు," అని ఐవిన్ పేరు కొట్టేసి, పైన 'సహాయ ఉపాధ్యాయుడు' అని రాసుకున్నాడు.

"ఏం నేర్చుకున్నావేం?" అంది బోదిల్, ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే.

"నోన్ సో నియెంతె."

"అంటే?"

"నాకేమీ తెలియదు, అని."

బోదిల్ చేతిలోని డోలు కర్రలు పక్కన పెట్టింది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, వసంతంలో వేరే పని చూసుకోమంది. నలభై ఆరేళ్ళ కాపురంలో మొగుడి నోట ఆమె ఆ మాట వినడం అదే మొదటిసారి, అదీ పరాయి భాషలో.