జయరాముడి మీసం, భారతి ల్యాప్‌టాప్

ఆ రెండో శనివారం జయరాముడు పెట్టుకున్న పని చిన్నదే. కాఫీ చల్లారేలోగా కూతురికి ల్యాప్‌టాప్ బుక్ చేయాలి. ఆ తర్వాత గాలికి లేచిపోయిన పశువుల కొట్టం రేకు బిగించాలి. పామిడిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఆయన సీనియర్ అసిస్టెంటు. కాగితాలు సరిగ్గా ఉంటే లోకంలో ఏ పనీ ఆగదని ఆయన నమ్మకం.

కూతురు భారతి అనంతపురంలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. ఆమె పాత ల్యాప్‌టాప్ పాడై చాలా రోజులైంది. స్నేహితురాలు భోజనానికి పోయినప్పుడు ఆ పిల్లది అడిగి తీసుకుని, తాను భోజనం మానుకుని ప్రాజెక్టు పని చేసుకుంటోంది. ఈ సంగతి తల్లికి చెప్పి, నాయనకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఎండాకాలంలో వేయించిన బోరు దుమ్ము తప్ప మరేమీ ఇవ్వలేదు, నాయన ఇంకా తేరుకోలేదని ఆమెకు తెలుసు. సుమిత్రమ్మ ఆ ఒట్టును కొన్నాళ్లు మోసి, ఒకపూట అన్నంతో పాటు భర్తకు వడ్డించేసింది.

జయరాముడు మరుసటి రోజు నుంచే వాకబు మొదలుపెట్టాడు. ఒక కంపెనీ విద్యార్థులకు తగ్గింపు ధరకు ఇస్తోందని తెలిసింది. ఆ ధరకైతే కొనగలడు, మామూలు ధరకు కొనలేడు. గడువు ఆ శనివారం సాయంత్రానికి ముగుస్తుంది. పార్సిలు హాస్టలుకు చేరేదాకా పిల్లకు తెలియకూడదని ఆయన పట్టుదల.

ఫోన్లో మొదటి పేజీ ‘మీరు ఎవరు?’ అని అడిగింది. కింద వరుసగా కొన్ని గడులున్నాయి. తగ్గింపు విద్యార్థులకు కాబట్టి జయరాముడు మొదటిదైన ‘విద్యార్థి’ని నొక్కేశాడు. మిగతావి చదవలేదు.

కాలేజీ గుర్తింపు కార్డు పెట్టమంది. ఆయన దగ్గర దాని జిరాక్సు భద్రంగా ఉంది. అడ్మిషన్ రోజుల్లోనే గెజిటెడ్ అధికారి చేత సంతకం, ముద్ర వేయించి పెట్టుకున్నాడు. ముద్ర గుండ్రంగా, నిండుగా, సరిగ్గా భారతి ముఖం మీద పడింది. అంతకంటే గట్టి రుజువు ఉండదనుకుని దాన్నే పంపాడు. ముఖం కనబడటం లేదని కంపెనీ తిప్పి పంపింది.

బీరువా అంతా వెతికితే ముద్ర లేని జిరాక్సు ఒకటి దొరికింది. అది పంపాక, ఇప్పుడు మీ ముఖం కెమెరాకు చూపండి అని అడిగింది. జయరాముడు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, చూపాడు. హాస్టలు దరఖాస్తు మీద పిల్ల బదులు తండ్రి సంతకం చెల్లినప్పుడు, ముఖం మాత్రం ఎందుకు చెల్లదు? చెల్లలేదు. రెండు ముఖాలూ కలవలేదని, ఇంకొక్క అవకాశమే ఉందని చెప్పింది.

చాటలో బియ్యం ఏరుకుంటున్న సుమిత్రమ్మ తలెత్తింది. "బిడ్డకన్నీ నా పోలికలే అని పుట్టినప్పటి నుంచీ ఊరంతా చెప్పుకుంటివి కదప్పా. ఇప్పుడు చూడు, మిషను గూడా ఒప్పుకోలేదు."

ఆ మాట ఎక్కడో తగిలింది. నేరుగా గిరి సెల్‌ఫోన్ల అంగడికి పోయాడు. అతను భారతి కార్డునూ ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. కండ్లు అవే, ముక్కు అదే, గడ్డం అదే అని ఒప్పుకున్నాడు. "మీసమొకటే అడ్డమొస్తాండాదన్నా" అని తేల్చాడు.

జయరాముడి మీసం పెళ్లినాటిది. కొంచెంసేపు దాన్ని సవరించుకుంటూ నిలబడ్డాడు. భోజనం మానేసి స్నేహితురాలి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు గుర్తుకొచ్చింది. ఎదురుగానే కుళ్ళాయప్ప సెలూను. రోడ్డు దాటాడు.

మీసం తీసెయ్యమంటే కుళ్ళాయప్ప చేతిలో దువ్వెన ఆగిపోయింది. అద్దంలో జయరాముడి ముఖం చూశాడు. ఆ ముఖం దిగులుగానే ఉంది.

"తల గూడానా అన్నా?" అని మెల్లగా అడిగాడు.

"వద్దులే. మీసం చాలు."

కుళ్ళాయప్ప ఇంకేమీ అడగలేదు. ఊరికే మీసం తీయించుకునే మనిషి కాదు జయరాముడు. ఇంట్లో ఎవరో పోయుండాలి. తల వద్దన్నాడంటే కర్మ చేసేది ఆయన కాదు. తల్లికి చేసేది చిన్నకొడుకు. తల్లి కదిరమ్మ ఉండేది బత్తలపల్లెలో ఆ చిన్నకొడుకు దగ్గరే. లెక్క ఎక్కడా తప్పలేదు. పని చాలా మెత్తగా ముగించి, దుడ్లిస్తే చేయి అడ్డం పెట్టాడు. "ఈ పొద్దు వద్దన్నా. ధైర్యంగా ఉండు" అన్నాడు. ఒక ల్యాప్‌టాప్ కోసం ఊళ్లో ఇంత ఆదరణ ఉందా అని జయరాముడికి మనసు చల్లబడింది.

సెలూను మెట్ల మీదే ఆఖరి ప్రయత్నం చేద్దామని ఫోను తీశాడు. అది తెరుచుకోలేదు. ముఖం చూస్తే తెరుచుకునేలా దసరా సెలవుల్లో భారతి అమర్చి పెట్టింది. కుడివైపు, ఎడమవైపు, నవ్వుతూ, నవ్వకుండా, ఎట్లా చూపినా ఈ మనిషెవరో తనకు తెలియదంది. పొద్దున కూతుర్ని కాదని తేలింది. ఇప్పుడు తాను కూడా కాదని తేలింది. నంబరు నొక్కితే తెరుచుకుంటుంది గానీ, ఆ నంబరు తెలిసింది భారతికొక్కదానికే. ఆమెను అడిగితే గుట్టు బయటపడుతుంది.

ఇంటి గడప దగ్గర నిలబడేసరికి సుమిత్రమ్మ లోపలి నుంచి చూసి, "ఎవురు గావాలప్పా?" అంది.

"నేనే."

గొంతు గుర్తుపట్టి ఆమె చాట కింద పెట్టేసింది. గోడకు ఆనుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కండ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. బోరులో దుమ్ము లేచిన రోజు నుంచి ఆ ఇంట్లో అంత నవ్వు లేదు. జయరాముడికి కోపం రావలసింది, రాలేదు. ఇంకాసేపు నవ్వనిచ్చాడు.

అంతలో పరామర్శకు ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. కన్నీళ్లు తుడుచుకుంటున్న సుమిత్రమ్మను చూసి మొదట జాలిపడ్డారు, తర్వాత అది నవ్వని పోల్చుకున్నారు. "అత్త పోతే ఇట్ల నవ్వే కోడల్ని ఈడే చూస్తాండాం" అని ఒకామె రెండో ఆమెతో అంది.

ఏ అత్త, ఎక్కడికి పోయింది అని అడుగుతుండగానే సుమిత్రమ్మ ఫోను మోగింది. బత్తలపల్లె నుంచి.

"ఏమ్మే సుమిత్రా, నేను పోయినానంట గదా" అంది కదిరమ్మ. "పామిడి నుంచి ఎవురో చిన్నోనికి ఫోన్ చేసినారు, పీనుగ ఎప్పుడు ఎత్తుతారని. ఫోను నా చేతిలోనే ఉండె. సంగటి తిని చెప్తానంటి."

వచ్చినవాళ్లకు అప్పటికప్పుడు కాఫీ ఇచ్చి సంగతంతా వివరించాల్సి వచ్చింది. కబురు సెలూను నుంచే వచ్చిందని వాళ్లు అనగానే సుమిత్రమ్మకు స్ఫురించింది: కుళ్ళాయప్ప కూతురు, భారతి బడి స్నేహితులు. కబురు ఈపాటికి అనంతపురం చేరి ఉంటుంది. వెంటనే భారతికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక ఆటో దిగింది భారతి. అవ్వ పోయిందని విని, కట్టుబట్టలతో అనంతపురంలో బస్సెక్కి ఏడుస్తూ వచ్చింది. దారిలోనే ఫోను చార్జింగు అయిపోయింది. గడపలో మీసం లేని తండ్రిని చూసేసరికి ఉన్న కాస్త అనుమానం కూడా పోయి, ఆయన మీద పడి భోరుమంది. అవ్వ బత్తలపల్లెలో సంగటి తింటోందని నమ్మించడానికి కదిరమ్మకే ఫోన్ కలిపి మాట్లాడించాల్సి వచ్చింది.

తర్వాత జరిగిందంతా మొదటి నుంచి విన్నది.

"నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

గడువు దగ్గర పడుతోందని సుమిత్రమ్మ గుర్తుచేసింది. భారతి నంబరు నొక్కి ఫోను తెరిచింది. మొదటి పేజీకి పోయి, నాయన చేతికే ఇచ్చి, రెండో గడి చదవమంది.

‘విద్యార్థి తల్లి లేదా తండ్రి’ అని ఉంది.

జయరాముడు దాన్ని పైకి చదివాడు. తర్వాత నొక్కాడు. కాలేజీ పేరు అడిగింది, చెప్పాడు. మీరు నిజంగా తండ్రేనా అని అడిగింది, అవునన్నాడు. తగ్గింపు ధర తెర మీదకొచ్చింది. కార్డు లేదు, ముద్ర లేదు, ముఖం లేదు. డబ్బు కట్టాక కూడా ఆయనకు స్థిమితం లేదు.

"ఒక్క కాగితం గూడా అడక్కుండా ఎట్ల నమ్మినాది?"

"పొద్దున్నుంచీ నువ్వు నీది కాని దానికి రుజువులు తెస్తివి" అంది సుమిత్రమ్మ. "తండ్రివనేది ఉండేదే గదా."

ప్రాజెక్టు చూపే రోజు ఇంకా దూరం ఉందని, పార్సిలు వచ్చేదాకా ఇంట్లోనే ఉంటానని భారతి చెప్పింది. రోజూ వేళకు అన్నం తింది. అడ్రసును ఇంటికి మార్చుకున్నారు.

పార్సిలు తెచ్చిన మనిషి గుర్తింపు కార్డు చూపమన్నాడు. జయరాముడు సంతోషంగా, సరిగ్గా ఉన్న తన కార్డే చూపాడు. ఆ మనిషి కార్డులోని మీసాన్నీ, దాని కింద ఉండాల్సిన ముఖాన్నీ మార్చి మార్చి చూసి, ఇది మీరు కాదన్నాడు.

సుమిత్రమ్మ వాకిట్లోకొచ్చి, "ఈయప్ప మా ఇంటాయనే, ఇచ్చిపో" అంది.

ఆ మనిషి పార్సిలు ఆమె చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఆమెను మాత్రం ఏ కార్డూ అడగలేదు.