మధ్యాహ్నం మాయమయ్యే బావ

“నేరం ఎక్కడ నక్కినా నా ముక్కు దాన్ని పట్టేస్తుంది. గొప్పకి చెప్పడం లేదు, నేరస్థుల మేలు కోరి చెబుతున్నాను” అని అక్క వంటింట్లో నిలబడి ప్రకటించాడు భూతద్దం. ఎప్పుడూ చేతిలో ఉండే అద్దాన్ని బట్టి అందరూ పెట్టిన పేరు అది. అతను పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. డిటెక్టివ్ అన్న బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు.

అక్క ఆ ముక్కు సంగతి పట్టించుకోలేదు. కిటికీలోంచి తోట వైపు చూస్తోంది. ఎండలు తగ్గిపోయాయి, పొద్దు కురచవుతోంది. టమాటా మొక్కలు పీకేసి ఆ మళ్లలో క్యాబేజీ వెయ్యాలి. నారు ట్రేల్లోనే సన్నగా సాగిపోయి తలలు వాల్చేస్తోంది. ఇంకా ఆలస్యమైతే పారబొయ్యడమే, చలికాలమంతా అమ్ముకోవడానికి ఏమీ ఉండదు.

“మీ బావ రోజూ భోజనం కాగానే మాయమైపోతున్నారురా. మళ్లీ పొద్దుగూకే వేళకి ఏమీ ఎరగనట్టు వస్తారు. ఎక్కడికెళ్తున్నారో కాస్త కనుక్కో.”

భూతద్దం గొంతు తగ్గించాడు. “రెండో జీవితం అక్కా. ఇంకో ఊళ్లో, ఇంకో పేరుతో, ఇంకో తోట.”

“ఉన్న తోటలోనే పని చెయ్యని మనిషి ఇంకో తోట పెడతారా?”

“అక్కడ అలిసిపోయి వస్తున్నారు. అందుకే ఇక్కడ చెయ్యలేకపోతున్నారు.”

ఆ మధ్యాహ్నం బావ మాయమయ్యాక భూతద్దం నెత్తిన గోనెసంచి కప్పుకుని, చేత అద్దం పట్టుకుని తోటలోకి దిగాడు. వెనకాలే అక్క నారు ట్రే మోసుకుంటూ వచ్చింది. తడిమట్టిలో అడుగుజాడలు కనబడ్డాయి.

“ఎడమ కాలు ఈడుస్తున్నాడు. వయసులో ఓడల మీద పనిచేసినవాడు. ప్రమాదకరమైన మనిషి.”

“అవి నీ అడుగులేరా. పొద్దున మీ బావ చెప్పులు తొడుక్కుని తిరిగావు, అవి నీకు వదులు.”

భూతద్దం ఆ సాక్ష్యాన్ని కొట్టిపారేసి ముందుకు సాగాడు. సొరపందిరి దగ్గరకు రాగానే ఠక్కున ఆగాడు. ఎక్కడో లోపల గుర్రుమని మోత.

“భూగర్భంలో యంత్రం నడుస్తోంది. నువ్వు వెనక్కి వెళ్లక్కా, నీకు పిల్లలున్నారు.”

అతను నేలకి చెవి ఆనించి విన్నాడు. లేవబోతే మెడకి సొరతీగ చుట్టుకుంది. గింజుకుంటూ చేతికందిన కర్రని ఒడిసిపట్టుకుని, “ఆధారం దొరికింది” అని కేకేశాడు. దొరికిన మాట నిజమే. పందిరికున్న ఆధారం అదొక్కటే. వానలకి నానిన ఆ గుంజ ఫెళ్లున విరిగింది. తీగలు, ఆకులు, ముదిరిన సొరకాయలతో సహా పందిరంతా కూలిపోయింది. ఆకుల గుట్టలోంచి బావ లేచి కూర్చున్నాడు. ఒళ్లో దిండు ఉంది.

“పనంటే అంత బద్ధకమా మీకు?” అంది అక్క.

బావ దిండు పక్కన పెట్టాడు. “బద్ధకం కాదే. కాస్తున్న మొక్కని పీకమంటున్నావు. పొద్దున కూడా చూశాను, ఇంకా పూత ఉంది. నాకు చెయ్యి రావడం లేదు.”

“మరి ట్రేల్లో వాడిపోతున్నవి మొక్కలు కావా?” అంది అక్క. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

బావ తల వంచుకున్నాడు. “బావమరిదీ, ఆ టమాటా సాలు నువ్వే పీకెయ్యి. నేను అటు తిరిగి నిలబడతాను.”

భూతద్దం చొక్కా చేతులు మడిచాడు. అద్దంలోంచి చూస్తూ పీకాడు, ఆయాసపడుతూ పీకాడు. అక్క మిగిలిన ట్రేలు తెచ్చేసరికి ఒక సాలు మొత్తం ఖాళీ. టమాటాల పక్కనున్న కాస్త ఖాళీలో పొద్దున ఆమె ఒక్కతే నడుం విరిగేలా నాటుకున్న క్యాబేజీ సాలు అది.

“ఒరేయ్, ఎర్రగా కాయలతో కనబడుతుంటే టమాటా ఏదో తెలియలేదా?”

“కాయలున్నదే టమాటా అని ఎవరైనా అనుకుంటారు. అందుకే నేను అనుకోలేదు.”

బావ వెనక్కి తిరిగాడు. వేళ్లు బయటపడి ఎండలో వడలిపోతున్న నారుని చూడగానే ఎవరూ చెప్పకుండానే పరుగెత్తుకొచ్చాడు. ఒక్కో మొక్కనీ తిరిగి నాటి, మన్ను అదిమి, నీళ్లు పోశాడు. ఆ ఊపులో పందిరి కూలిన చోట తీగలన్నీ ఈడ్చిపారేశాడు. చూస్తే కింద మెత్తటి నేల, నిండా వెలుతురు. ట్రేల్లో నారంతా పట్టేంత జాగా.

“చివరికి ఇక్కడ చోటు దొరుకుతుందని నాకు మొదటి నుంచీ తెలుసు. అందుకే పందిరి కూల్చాను” అని భూతద్దం కేసు విప్పిన విధానం వివరించసాగాడు.

ఎవరూ వినలేదు. ఆలుమగలిద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చుని ఆఖరి ట్రే నాటుతూ, టమాటాలకి ఇంకెంత గడువివ్వాలో బేరమాడుకుంటున్నారు. బావ నెల అడిగాడు. అక్క వారమంది.

పది రోజుల దగ్గర తెగింది.