పొయ్యి గొట్టానికి మింగా

ఏప్రిల్ వచ్చిందంటే భూమికి దక్షిణపు కొసనున్న మా చిలోయే దీవిలో చలికాలపు వానకన్నా ముందు మా ఆవిడ ఎదెల్మీరా మొదలవుతుంది.

"ఏమయ్యా, పొయ్యి గొట్టం నిండా మసి పట్టింది. మొదటి వాన పడేలోపు దులపకపోతే చలికాలమంతా మా అక్క ఇంట్లోనే ఉంటా. నువ్విక్కడ వణుక్కుంటూ కూర్చో."

ఇల్లంతటికీ వెచ్చదనం ఆ కట్టెల పొయ్యే. దాని మీద వండిపెట్టేది ఆవిడే. ఆవిడ వెళ్తే నాకు చలీ ఆకలీ రెండూ తప్పవు. అలాగని కప్పెక్కే ఓపికా లేదు. ఎప్పుడు ఉందని అడక్కండి.

అందుకే ఉపాయం పన్నాను. మా దీవిలో పెద్ద పని పడితే మింగా పిలుస్తాం. ఇరుగుపొరుగంతా వచ్చి కూలి లేకుండా చేసిపెడతారు, మనం కడుపునిండా పెట్టాలి.

"గొట్టం దులపడానికి మింగానా?" అంది ఎదెల్మీరా. "ఇంటికి ఇల్లే లాగి ఇంకోచోటికి జరపడానికి పిలుస్తారు గానీ."

"కట్టెలు కూడా పేర్చాలిగా."

"నీ ఇష్టం. పిలిచాక ఆచారం ప్రకారం అన్నీ జరగాలి మరి."

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

పొద్దున్నే ఊరంతా దిగింది. అందరికన్నా ముందు తిండిపోతు నోల్బెర్తో. చేతిలో చీపురు లేదు, చెంచా ఉంది.

"ఇంకా పొయ్యి వెలిగించలేదేం తమ్ముడూ?"

"గొట్టం దులపాలి కదన్నా. నిప్పుంటే ఎలా?"

"పరగడుపున కప్పెక్కితే కళ్ళు తిరుగుతాయయ్యా."

సరేనని బంగాళాదుంప రొట్టెలకు పొయ్యి వెలిగించాం. గొట్టం వేడెక్కింది. చల్లారేదాకా ఆగుదామన్నారు. ఆగేసరికి మళ్ళీ ఆకలేసింది. మాంసం, ఆల్చిప్పలు ఉడికించాం. అది చల్లారేలోపు తాగడానికి మాతే ఆకుల టీ అన్నారు, దానికి వేడినీళ్ళు కావాలన్నారు. పొగ బయటికి పోలేక వంటింట్లోనే తిరిగింది. అందరూ దగ్గుతూనే తిన్నారు. కట్టెలు పేర్చే శ్రమ కూడా తగ్గింది, సగం కాలిపోయాయి కాబట్టి. మోసింది మాత్రం నేనే.

సాయంత్రం నోల్బెర్తో మూతి తుడుచుకున్నాడు. "మింగా బాగా జరిగింది తమ్ముడూ."

"మరి గొట్టం?" అన్నాను నీరసంగా.

"పొయ్యి ఖాళీ అయితేగా. రోజంతా మేం ఇక్కడే ఉన్నాం కదా. మరి మా ఇళ్ళకు ఎప్పుడొస్తావు?"

మింగాకు వచ్చినవాళ్ళందరికీ మనం తలా ఒక రోజు తిరిగి పనిచెయ్యాలి. ఆచారంలో ఆ సగం నాకు గుర్తే రాలేదు.

"రేపట్నుంచే వస్తాడన్నా," అంది ఎదెల్మీరా గుమ్మంలోంచి. "అందరి గొట్టాలూ దులిపిపెడతాడు."

వాళ్ళు వెళ్ళాక గొణిగాను. "ఇన్ని ఇళ్ళు తిరిగేలోపు వాన పడితే మన గొట్టం సంగతేమిటే?"

"నాకేం ఇబ్బంది లేదులే. మా అక్క కూడా ఇవాళ వచ్చి తినే వెళ్ళింది. రేపు నువ్వు ముందు దులిపేది వాళ్ళ గొట్టమే."