ఒక్క నిమిషం నాడి

ఉదయం ఏడు గంటలకు సుజాత టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ ఉండగా, ఆమె మొగుడు సురేందర్ ఆ రోజు తనకు కడుపునొప్పి రావాలని నిశ్చయించుకున్నాడు.

ఆ ఆలోచన ఆ పూట పుట్టింది కాదు. మానుకోటలోని డాక్టర్ గణపతి దవాఖానలో సుజాత పదహారేళ్లుగా నర్సు. ఇంటికొచ్చినా ఫోను చెవి దిగదు. "బాపూ, తిన్నవా? జర పాలన్న తాగు. నొప్పి బొడ్డు కాడ్నేనా, కిందికి జారిందా?" అని ఏ ఊరివాడినో వెన్నపూస లాంటి గొంతుతో అడుగుతుంది. ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగి, "అన్నం కుక్కర్ల ఉన్నది" అంటుంది. ఆ వెన్నపూస ఫోనుకూ తనకూ మధ్య ఉన్న రెండడుగుల్లో ఎక్కడ కరిగిపోతుందో సురేందర్‌కు ఇన్నేళ్లయినా అంతుపట్టలేదు.

ఇరవై ఏళ్ల కిందట ఇట్లా లేదు. నీళ్ల మోటార్లకు రాగి తీగతో వైండింగ్ చుట్టే పని నేర్చుకుంటూ, తిరిగే బెల్టులో చెయ్యి ఇరికించుకుని, వరంగల్‌లో ఒక దవాఖానలో వారం రోజులు పడుకున్నాడు. సుజాత అప్పుడు నర్సింగ్ చదువుకుంటున్న పిల్ల. రోజూ పొద్దున వచ్చి, అతని మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, తన చేతి గడియారం చూస్తూ నిమిషంసేపు నిలబడేది. అతను ఏదో అనబోతే, "మాట్లాడకుండ్రి, లెక్క తప్పుతది" అనేది. అతని బతుకులో ఒక మనిషి ఒక నిమిషం పాటు అతన్ని తప్ప ఇంకేదీ పట్టించుకోకపోవడం అదే మొదటిసారి. ఆ నిమిషం కోసమే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి తరవాత అన్నీ వచ్చాయి, ఆ నిమిషం తప్ప.

పథకం చిన్నది. తొమ్మిదింటికి దవాఖానకు పోవాలి. సుజాత మంచం మీద పడుకోబెట్టి నాడి చూస్తుంది, "ఏమైంది?" అంటుంది. గోలీ మింగి పదకొండుకల్లా తన మోటార్ల దుకాణం తెరవచ్చు. ఏడో తరగతిలో బడి మానేసినవాడి బుర్రకు అంతకన్నా పెద్ద పథకం పట్టదు.

దవాఖానలో ఎదురుపడింది హెడ్‌నర్సు కల్పన. "ఏమైందన్నా, గిట్ల వంగిపోయినవ్?"

సురేందర్ పాఠం ఒప్పజెప్పాడు. తెల్లారుజామున బొడ్డు దగ్గర మొదలైంది, కుడివైపు కిందికి జారింది, నడిస్తే గుంజుతోంది, వాంతి వచ్చినట్టుంది. పదహారేళ్లు ఆ ఫోను పక్కన కూర్చుని అన్నం తిన్నవాడికి ఆ మాత్రం రాకుండా ఎట్లా ఉంటుంది? గణపతి సారు వచ్చి పొట్ట నొక్కాడు. ఎక్కడ నొక్కితే మూలగాలో సురేందర్‌కు తెలుసు. నొక్కి వదిలినప్పుడు ఇంకా గట్టిగా మూలగాలనీ తెలుసు.

"గింత సాఫ్‌గ చెప్పే పేషంటును నేను చూడలే" అన్నాడు సారు మెచ్చుకుంటూ. "అపెండిక్స్. మూడింటికి స్కానింగ్, ఆ ఎంబడే ఆపరేషన్. అప్పటిదాక మంచినీళ్ల చుక్క గూడ ఇయ్యద్దు."

సురేందర్ దిగ్గున లేచి కూర్చున్నాడు. "జర సుజాతను పిలువు చెల్లే" అన్నాడు.

"ఆమెను మీదికి పంపిన, కాన్పుల వార్డుకు. సొంతోళ్లను సొంత నర్సు చూసుడు మా దగ్గర ఉండదన్నా. చెయ్యి వణుకుతది." కల్పన అతని వేలికి నాడి చూపించే క్లిప్పు తగిలించింది. వైండింగ్ వార్నిష్‌తో నల్లబడిన గోటి మీద అది గీతలే తప్ప అంకె చూపలేదు. వేళ్లన్నీ మార్చి చూసింది. "గివి వేళ్లా, బొగ్గులా?" అని చివరికి కాలి బొటనవేలికి పెట్టి పోయింది. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన నాడిని ఒక ప్లాస్టిక్ ముక్క కాలి దగ్గర చూస్తోంది.

పదింటికి సుజాత పరుగున దిగి వచ్చింది. సురేందర్ మొహాన్ని వీలైనంత దీనంగా పెట్టుకున్నాడు. ఆమె చూసింది మొహాన్ని కాదు, మంచానికి వేలాడే కేసుషీటును. "పొద్దుగాల చెప్పకపోతివి?" అంది. అతను నోరు తెరిచేలోపు మెట్ల మీది నుంచి ఎవరో, "సిస్టరూ, నొప్పులు ఎక్కువైనయ్" అని కేకేశారు. వచ్చిన కాళ్లతోనే వెళ్లిపోయింది.

అప్పుడే నిజం చెప్పి ఉంటే సరిపోయేది. కానీ చెబితే రేపట్నుంచి ఈ దవాఖాన అంతా సుజాతను చూసి నవ్వుతుంది. ఇట్లా తర్జనభర్జన పడుతుండగా, సంతకానికి సొంతవాళ్లు ఒకరు ఉండాలని కల్పన చిట్యాలలో ఉన్న అతని అక్క లీలావతికి ఫోను కలిపింది.

చిట్యాలలో అది పేగు పగలడం అయింది. జఫర్‌గఢ్‌లో చిన్నాయన ఇంటికి చేరేసరికి ఆక్సిజన్ పెట్టారు. బచ్చన్నపేటలో మేనల్లుడు శ్రావణ్ మామ ఫొటోకు రెండు జోడించిన చేతులు చేర్చి చుట్టాల ఫోను గ్రూపులో పెట్టాడు. పది నిమిషాల్లో నలభై మంది ఆత్మకు శాంతి కోరారు. సురేందర్ మాడుతున్న కడుపు పట్టుకుని అవన్నీ ఒక్కొక్కటే చదివాడు. మంచివాడట, చెయ్యి తిరిగిన పనివాడట. ముందురోజు వరకు వాళ్లలో ఒక్కడూ ఎదురుపడితే చెయ్యెత్తి నమస్తే పెట్టిన పాపాన పోలేదు.

పక్క మంచం మీద తండా నుంచి వచ్చిన ముసలాయన రెడ్యా, కాలికి కట్టుతో, ఇదంతా చూస్తున్నాడు. "నా మోటరు నీ దుకాణంలనే ఉన్నది గద కొడుకా?"

"ఉన్నది బాపూ."

"వైండింగ్ అయ్యిందా?"

"సగమైంది."

రెడ్యా మూట విప్పి, జొన్నరొట్టెను సగానికి తుంచాడు. "తిను. నువ్వు పోతే తక్కిన సగం ఎవలు చుడుతరు?"

సురేందర్ ఆవురావురుమని తిన్నాడు. రెడ్యా అబద్ధం ఎరుగని మనిషి. కల్పన రాగానే, "సగం రొట్టె తిన్నడు బిడ్డా. ఇంకో సగం ఇయ్యమంటవా?" అని అడిగాడు.

కల్పన తల పట్టుకుంది. "మత్తిచ్చినప్పుడు వాంతయితే పానం పోతది, ఎరికేనా?" సారును అడిగి వచ్చి చల్లగా చెప్పింది. "ముక్కుల నుంచి పైపు ఏసి కడుపు కడుగుమన్నడు. మూడింటి లోపల."

రెండు దాటగానే లీలావతి దిగింది, ఏడుస్తూనే. తమ్ముడు కళ్లు తెరిచి ఉండడం చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. "ఊరందరికి సేవ జేస్తది, కట్టుకున్నోణ్ని పట్టించుకోదు. గిదేం నర్సమ్మరా?" అంది. ఇరవై ఏళ్లుగా సురేందర్ తనలో తాను అనుకుంటున్న మాటే అది. ఇంకొకరి నోట వినేసరికి ఎందుకో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

తలుపు దగ్గర సుజాత నిలబడి ఉంది. ఆ మాట విన్నదో లేదో తెలియదు. ఛాతీ మీది పేరు బిళ్ల తీసి సంచిలో వేసుకుంది. "ఇప్పుడు నేను డ్యూటీల లేను అక్కా" అని కల్పనతో చెప్పి, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. కాలివేలి క్లిప్పు పీకి పక్కన పెట్టింది. అతని మణికట్టు అందుకుని రెండు వేళ్లు ఆనించింది. కళ్లు గడియారం మీద నిలిపింది.

"సుజాతా, నేను..."

"మాట్లాడకు, లెక్క తప్పుతది."

సురేందర్ కళ్లు మూసుకున్నాడు. అవే వేళ్లు. చన్నీళ్లకూ మందులకూ కొంచెం గరుకెక్కాయి, అంతే. నిమిషం గడిచింది. వేళ్లు కదలలేదు. రెండో నిమిషమూ గడిచింది. ఇరవై ఏళ్ల బాకీ ఒక్కసారే తీరుస్తోందనుకుని కళ్లు తెరిచాడు.

సుజాత మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోతోంది. చెప్పుల్లో పాదాలు వాచి ఉన్నాయి.

"లేపకన్నా" అంది కల్పన గొంతు తగ్గించి. "ఇద్దరు నర్సులు పని ఇడిసిపెట్టిపోయిండ్రు. మూడు వారాలసంది రెండు డ్యూటీలు జేస్తున్నది. ఇయ్యాల నీకోసం రెండోది ఇడిసిపెట్టుకున్నది. పొద్దున నీ షీటు చూసి ఏమన్నదో ఎరికేనా? రాత్రి చారు గిన్నె, కూర గిన్నె ఖాళీ చేసి పండుకున్నడు, మా ఆయనకు గీ నొప్పి యాడికెళ్లొచ్చిందక్కా అన్నది. నువ్వు తిన్నవో లేదోనని ఆ గిన్నెలు ఆమె రోజు చూస్తదట."

రోజూ పొద్దున గిన్నెల మూతలు తీసి చూసే ఆమె చెయ్యి సురేందర్‌కు గుర్తొచ్చింది. గిన్నెలు కడగడానికి అనుకునేవాడు.

పైపుతో గణపతి సారు వచ్చాడు. లీలావతి రాగం అందుకోబోయింది. సురేందర్ ఖాళీగా ఉన్న చేత్తో నోటి మీద వేలు పెట్టి చూపించాడు.

"నొప్పి ఎక్కడిదాక వచ్చింది?" అన్నాడు సారు.

"లేదు సారూ. పొద్దుగాల గూడ లేకుండె."

"మరెందుకొచ్చినవయా?"

సురేందర్ తన మణికట్టు మీది ఆమె వేళ్ల వైపు చూశాడు. సారు కూడా చూశాడు. పైపు కల్పన చేతికిచ్చి, సురేందర్‌తో "ఆమె లేచినంక ఇంటికి తోలుకపో" అని వెళ్లిపోయాడు.

"మరి నా మోటరు?" అన్నాడు రెడ్యా.

"రేపిస్త బాపూ. మెల్లగ మాట్లాడు."

లీలావతి కళ్లు తుడుచుకుని, సుజాత కాళ్ల దగ్గర జారిన సంచి తీసి మంచం మీద పెట్టింది. సురేందర్ చెయ్యి తిమ్మిరెక్కి, మొద్దుబారి, తనది కాకుండా పోయింది. అయినా సాయంత్రం అయిదు దాకా కదిలించలేదు.

ఆనాటి కేసుషీటులో మధ్యాహ్నం నాడి గడి ఖాళీగానే ఉండిపోయింది. నర్సు లెక్క మధ్యలో నిద్రపోయిందని రాయడానికి అందులో చోటు లేదు.