ఖర్చు లేని కారుకు కట్టిన నిమ్మకాయ

ఈ భూమ్మీద ఖర్చు లేనివి మూడే మూడు. గాలి, ఉచిత సలహా, ఎలక్ట్రిక్ కారు మెయింటెనెన్స్. టైర్లలో గాలి కొట్టడానికి కూడా ఇప్పుడు పది రూపాయలు తీసుకుంటున్నారు కాబట్టి, రెండే మిగిలాయి.

ఈ సత్యాన్ని సారంగపాణికి బోధించినవాడు కిషన్ రావు. సారంగపాణికి హనుమకొండ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. పక్కనే కిషన్ రావు బట్టల దుకాణం, దాని ముందు ఆయన ఎలక్ట్రిక్ కారు. ఒక సాయంత్రం చాయ్ తాగుతూ కిషన్ రావు ఆయన చెయ్యి పట్టుకుని, రోడ్డు మీద పోయే ఆటోల వంక చూస్తూ అన్నాడు.

"అన్నా, నా మాట ఇను. కరెంటు బండి తీసుకో. ఖర్చే లేదు. ఇంజనే లేనప్పుడు ఖర్చు దేనికైతది?"

సారంగపాణి వ్యాపారస్తుడు. లేని వస్తువుకు ఖర్చు ఉండదన్న లెక్క ఆయనకు వెంటనే నచ్చింది. పాత పెట్రోలు కారును అమ్మేశాడు. ఆ కారును పన్నెండేళ్లు ఒక పానా, ఒక తిట్టు సాయంతో నడిపించిన మెకానిక్ రాజమల్లుకు దండం పెట్టి వీడ్కోలు చెప్పాడు. చిట్టీ పాడి, పదిహేను లక్షలు పోసి కొత్త కారు తెచ్చి సుబేదారిలో ఇంటి ముందు నిలబెట్టాడు. ఆయన్ను అంతగా లొంగదీసింది బ్యాటరీకి ఇచ్చిన ఎనిమిదేళ్ల వారంటీ. ఆ బ్యాటరీ ఖరీదు ఎనిమిది లక్షలట. బీరువాలో నగల పెట్టె పక్కనే వారంటీ పుస్తకం పెట్టుకున్నాడు. (ఎనభై నాలుగు పేజీలు. నగల పెట్టెకన్నా బరువు.)

చిక్కు మొదటి శనివారమే వచ్చింది. ఆ ఇంట్లో దుకాణానికైనా బండికైనా శనివారం కొత్త నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు కట్టాల్సిందే. పాత కారుకు ముందు జాలీ ఉండేది, దానికి కట్టేవారు. ఈ కారుకు ఇంజనే లేదు కాబట్టి జాలీ కూడా లేదు. ముందు భాగమంతా తోమిన గిన్నెలా నున్నగా ఉంది. సారంగపాణి భార్య శకుంతల దారం చేత పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఇంత పెద్ద బండి చేసిన్రు, నిమ్మకాయ కట్టెటందుకు జాగ పెట్టలే. గీళ్లు చదువుకున్నోళ్లేనా?"

చివరికి ఆమెకు కంపెనీ గుర్తు కింద చార్జింగ్ మూత కనిపించింది. దాని మడతబందుకు దారం సరిగ్గా దూరింది. దేవుడే దారి చూపించాడనుకుంది.

ఆర్నెల్లకు మొదటి సర్వీస్ వచ్చింది. అది ఉచితం. సర్వీస్ సెంటర్‌లో 'కస్టమర్ ఆనంద అధికారి' నవీన్ లేచి నిలబడి రెండు పేజీల బిల్లు చేతికిచ్చాడు. మొదటి పేజీ చదువుతుంటే సారంగపాణి మనసు పొంగిపోయింది. ఇంజన్ ఆయిల్: సున్నా. స్పార్క్ ప్లగ్గు: సున్నా. క్లచ్: సున్నా. ఇలా ఇరవై రెండు సున్నాలు. రెండో పేజీలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం, బ్రేకు ద్రవం, ఏసీ ఫిల్టరు, చక్రాల అలైన్‌మెంట్, సాఫ్ట్‌వేర్ నవీకరణ, ఆ నవీకరణ జరిగిందా లేదా అన్న తనిఖీ. మొత్తం తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై.

"సర్వీస్ ఫ్రీ అన్నరు గదా?"

"ఫ్రీయే సార్. చేసిన పనులకే పైసలు."

ఏడాది తిరగకముందే టైర్లు నున్నబడ్డాయి. బండి బరువు ఎక్కువ కాబట్టి టైర్లు జర జల్ది అరుగుతాయని నవీన్ వివరించాడు.

"అయితే గిది మెయింటెనెన్సే గదా?"

"కాదు సార్. గిది అరుగుదల."

ఏది మెయింటెనెన్స్, ఏది అరుగుదల, ఏది వినియోగం అని తేల్చడానికి కంపెనీకి నిర్వచనాల విభాగం అని ఒకటి ఉంది. అందులో నలభై మంది పనిచేస్తారు. వాళ్ల కష్టం వల్లనే మెయింటెనెన్స్ ఖర్చు ఇప్పటికీ సున్నా దగ్గర నిలబడి ఉంది.

రెండో ఏడు ఒక శనివారం పొద్దున కారు చార్జింగ్ తీసుకోలేదు. తెర మీద 'దయచేసి సంప్రదించండి' అని వచ్చింది. ఎవరిని అన్నది రాలేదు. కంపెనీ లారీ వచ్చి కారును ఎత్తుకుపోయింది. వెనకాల సారంగపాణి ఆటోలో వెళ్లాడు.

నవీన్ చేతులకు తొడుగులు వేసుకుని, చార్జింగ్ మూత తెరిచి, చిన్న పట్టకారుతో ఒక మిరపగింజను బయటికి తీశాడు. రాగి పిన్నుల మీద ఏడాదిన్నర శనివారాల నిమ్మరసం పచ్చగా పేరుకుని ఉంది. గింజను ప్లాస్టిక్ సంచిలో వేసి, నంబరు రాసి, ఫొటో తీశాడు.

పదకొండు రోజులకు విచారణ నివేదిక వచ్చింది. "యజమాని నిమ్మకాయ ఒకటి, మిరపకాయలు ఏడు, వెరసి ఎనిమిది అనధికార ఉపకరణాలను వాహనమునకు అమర్చినట్లు రుజువైనది. పుల్లని పదార్థముల నిబంధన 17(ఘ) ప్రకారము బ్యాటరీ వారంటీ నిలిపివేయడమైనది." చార్జింగ్ పోర్టు మార్చడానికి నలభై ఆరు వేలు. (దీన్ని నిర్వచనాల విభాగం 'సాంస్కృతిక నష్టం' కింద చేర్చింది. మెయింటెనెన్స్ కాదు.)

సారంగపాణి మనసులోనే లెక్క వేసుకున్నాడు. నలభై ఆరు వేలు ఎట్లాగో కడతాడు. రేపు బ్యాటరీయే పోతే ఎనిమిది లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? ఎన్ని స్టీలు గిన్నెలు అమ్మితే ఒక బ్యాటరీ అవుతుంది? ఇంటికి వచ్చి శకుంతల మీద కేకలేశాడు. ఆమె శాంతంగా విన్నది.

"నిమ్మకాయ కట్టినా గింత అయింది. కట్టకపోతే ఇంకెంత అయ్యేదో. ఇంక బయట ఎవ్వరికి చెప్పకుండ్రి. చెప్తే మళ్ల దిష్టి."

మర్నాడు సర్వీస్ సెంటర్‌లో నవీన్ గొంతు తగ్గించి ఓదార్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. వారంటీ పునరుద్ధరణ పథకం ఉన్నది. తొంభై దినాలల్ల మీకు తెలిసినోళ్లను ఒక్కరిని తోలుకొచ్చి బండి ఇప్పిస్తే వారంటీ మళ్ల వస్తది. ఒక్కటే కండిషన్. కొన్నోళ్లకు ఒక ఏడాది దాక మీరు నిరుత్సాహపరిచే మాట చెప్పొద్దు. చెప్తే మళ్ల రద్దయితది."

"గిట్ల ఎవలన్న చేస్తరా?"

"కిషన్ రావు సార్ చేసిండు గదా. బండి ముంగట గుమ్మడికాయ కొట్టి పసుపునీళ్లు పోసిండ్రు, అవి పోర్టు లోపలికి పోయి వారంటీ ఆగిపోయింది. మిమ్ముల తోలుకొచ్చినంక వారంటీ ఇచ్చేసినం."

సారంగపాణి తిన్నగా కిషన్ రావు దుకాణానికి పోయాడు. నాలుగు దులిపేద్దామనే పోయాడు. కిషన్ రావు ఆయన ముఖం చూడగానే సంగతి గ్రహించి, కుర్చీ వేసి, చాయ్ చెప్పించాడు. ఇద్దరూ తలవంచుకుని తాగారు. గ్లాసు కింద పెడుతూ కిషన్ రావు మెల్లగా అడిగాడు.

"ఎన్ని దినాలు ఇచ్చిన్రే?"

"తొంభై."

"నాకు అరవయ్యే ఇచ్చిన్రు."

ఎనభై రోజులు గడిచాయి. ఎనభై ఒకటో రోజు నర్సంపేట నుంచి బామ్మర్ది రమాకాంత్ వచ్చాడు. అక్కడ విత్తనాలు, ఎరువుల దుకాణం. ఆ దుకాణం పెట్టినప్పుడు కిరాయికి మడిగె మాట్లాడింది సారంగపాణే, మొదటి సరుకుకు పూచీ ఉన్నది సారంగపాణే. అందుకని రమాకాంత్ చెప్పుల జత కొనాలన్నా బావను అడుగుతాడు. ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు.

"బావా, నాలుగు లక్షలు జమ చేసిన, మిగిలింది లోన్ తీసుకుంట. కరెంటు బండి తీసుకుందామనుకుంటాన్న. నువ్వు రెండేండ్ల నుంచి తిప్పుతానవ్ గదా. నువ్వు ఊ అంటే తీసుకుంట, వద్దంటే ఇడిసిపెడత."

వద్దు అన్న మాట సారంగపాణి నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఎనిమిది లక్షలు కూడా వచ్చి నిలబడ్డాయి. ఆయనకు సిగ్గేసింది. సిగ్గు ఎంతసేపు ఉంటుందో, బ్యాటరీ ఎన్నేళ్లు ఉండాలో కూడా ఆయనకు తెలుసు. బామ్మర్ది చెయ్యి పట్టుకున్నాడు. సుబేదారి రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి.

"తీసుకో. ఖర్చే లేదు."

నాలుగు రోజుల్లో సారంగపాణి వారంటీ తిరిగి వచ్చింది. ఆ శనివారమే రమాకాంత్ తన కొత్త కారును అక్కకు చూపించడానికి తెచ్చాడు. అది కూడా తోమిన గిన్నెలా నున్నగా ఉంది. శకుంతల కళ్లు ఆనందంతో చెమర్చాయి. తమ్ముడి బండికి దిష్టి తగలకూడదని ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు గుచ్చి, చార్జింగ్ మూతకు తన చేత్తోనే కట్టింది.

ముడి వదులు కాకుండా సారంగపాణి దారం పట్టుకున్నాడు.