ఎవరు రాస్తే వాళ్ళే ఎక్కాలి

విజిల్ బాబాయికి ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు. మాస్టారు. సాంకేతిక పాఠశాలలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన ఈ మాస్టారు పరాయివాడైనా బాగుండేది. స్వయానా తోడల్లుడు, భార్యకు అక్కగారి భర్త. అదే వీధిలో చివరి ఇల్లు. పదకొండేళ్ళ క్రితం ఆ ఇంట్లో పదిహేడు మంది చుట్టాలు భోజనానికి కూర్చున్న వేళ, బాబాయి స్వహస్తాలతో బాగుచేసి ఇచ్చిన కుక్కరు మూత ఎగిరి సీలింగుకు తగిలింది. దాని వెనకాలే లోపల ఉడుకుతున్నదంతా వెళ్ళి అదే సీలింగుకు అంటుకుంది. చుట్టాలు తలలు తుడుచుకుంటూ ఉంటే మాస్టారు నింపాదిగా మూత తిప్పి చూసి, "గాస్కెట్టు తిరగేసి పెట్టావు తమ్ముడూ" అన్నాడు.

ఆ మాట అబద్ధమై ఉంటే బాబాయి ఏనాడో క్షమించేవాడు. నిజం కావడం వల్లే కుదరలేదు. విజిల్ అనే పేరు వచ్చింది కూడా ఆ రోజే. అప్పటినుంచి "మాస్టారు మీకేమవుతారు?" అని ఎవరడిగినా బాబాయి ఒకే జవాబు చెప్పేవాడు: "ఏమీ కాడు."

వీధికి నెట్టు తెచ్చింది కూడా ఈ ఏమీ కాని మనిషే. వీధి పల్లంలో ఉంది. ఫోను టవర్లు దాని నెత్తి మీదుగా చూసి ఊరుకున్నాయి. పంతొమ్మిది ఇళ్ళ కోసం తీగ లాగితే గిట్టదని రెండు కంపెనీలు మొహం మీదే చెప్పేశాయి. దాంతో మాస్టారు అందరినీ కూడగట్టి, గట్టు మీది గ్రంథాలయం డాబా పైన ఒక పళ్ళెంలాంటి యాంటెన్నా పెట్టించి, అక్కడినుంచి వీధి మొదట్లోని ఇస్త్రీ కొట్టుకు, ఆ కొట్టు నుంచి డాబా డాబాకీ చిన్న చిన్న పెట్టెలు బిగించి సిగ్నల్ చేరవేశాడు. ఒక పెట్టెకు రెండో పెట్టె కనబడుతూ ఉండాలి, అంతే. యజమాని ఎవరూ లేరు, వీధే యజమాని. పద్దెనిమిది ఇళ్ళ వాళ్ళు ఒప్పుకున్నారు. "నా డాబా మీద ఆయన పెట్టె ఉండటానికి వీల్లేదు" అని బాబాయి ఒక్కడే తలుపేసుకున్నాడు. కాబట్టి పై ఇంటి టైలరు పెట్టె నుంచి కింది ఇంటి నర్సమ్మ పెట్టెకు సిగ్నల్ బాబాయి డాబాను దాటుకుని పోయేది. తన గడప తొక్కకుండా నెత్తి మీదుగా పోతోందని బాబాయి ఏడాదిన్నరగా గర్వపడుతున్నాడు.

ఆ ఉదయం బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి, ఎవరికీ తెలియకుండా, ఒక పరీక్ష రాయాలి. రాయడం కూడా కాదు, ఫోనులో మొహం చూపించి నోటితో జవాబులు చెప్పాలి. ఆసుపత్రి వంటగదిలో పదకొండు పెద్ద పొయ్యిలు ఉన్నాయి, వాటి మరమ్మతు బాబాయిదే. బాబాయి ఇల్లు సగం ఆ పొయ్యిల మీదే ఉడుకుతోంది. అక్కడికి కొత్తగా వచ్చిన మేనేజరు రేపు సాయంత్రంలోగా మెకానిక్ సర్టిఫికెట్ నకలు తెమ్మన్నాడు, తేలేకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. చదువు మధ్యలో ఆపేసిన వాళ్ళ కోసం పనివాళ్ళ బోర్డు నోటి పరీక్ష పెడుతుందని బాబాయికి తెలుసు. ఇంతకాలం ఎందుకు వెళ్ళలేదంటే, ఆయనకు సర్టిఫికెట్ ఉందని భార్యతో సహా అందరూ నమ్ముతున్నారు. పదేళ్ళుగా తన రిపేరు కొట్టు గోడ మీద అద్దం కట్టించి వేలాడుతున్నది నిజానికి ఒక కుక్కరు కంపెనీ వారంటీ కార్డు. అక్షరాలు ఇంగ్లీషువి, అంచు బంగారు రంగు. అంతకు మించి ఎవరూ చదవలేదు.

నెట్టు పాస్‌వర్డు ఇస్త్రీ కొట్టు గోడ మీద సుద్దతో బారెడు రాసి ఉంటుంది, వీధిలో ఎవరైనా వాడుకోవచ్చు. అడిగితే ఇస్త్రీ పెద్దమ్మే చదివి చెప్పేది. అడగడం నామోషీ. బాబాయి ఒకే చొక్కాను మూడు రోజులు వరసగా ఇస్త్రీకి తీసుకెళ్ళి, రోజుకు నాలుగు అక్షరాల చొప్పున బట్టీ పట్టాడు.

టైలరు పెట్టె సిగ్నల్ డాబా మీదే అందుతుంది. డాబా మీద కూర్చుంటే నర్సమ్మకు కనబడతాడు. అందుకని పొద్దున్నే తన కొట్టులోంచి నాలుగు ఇనప రేకులు మోసుకొచ్చి, టైలరు వైపు తెరిచి, మిగతా మూడు వైపులా, నెత్తి మీదా మూసి, గాలికి లేవకుండా పాత కుక్కర్లు బరువు పెట్టి, పదిన్నరకల్లా చిన్న గూడు కట్టాడు. అందులో కుర్చీ, స్టూలు, దువ్వెన, అద్దం. పది నలభైకి తల దువ్వుకుని ఫోను తెరిచాడు. సిగ్నల్ నిండుగా ఉంది. తెర మీద ఒక మాట కదలకుండా నిలబడింది: పరీక్షాధికారి ఇంకా చేరలేదు.

పదకొండైంది. చేరలేదు. పదకొండుంపావు. చేరలేదు. రేకుల కింద బాబాయి మెల్లగా ఉడుకుతున్నాడు. "జీతాలు తీసుకోవడం తెలుసు గానీ టైముకు రావడం తెలియదు వీళ్ళకి" అని తిట్టుకున్నాడు. తర్వాత అసలు దోషి గుర్తొచ్చాడు. ఇది మాస్టారి నెట్టు! పైకి నిండుగా కనబడటం, లోపల ఏమీ లేకపోవడం, అచ్చం మనిషి లాగే. ఫోనును స్టూలు మీద అలాగే నిలబెట్టి, మెట్లు దిగి, ఇస్త్రీ కొట్టుకు పరుగు తీశాడు.

అక్కడ అప్పటికే పది మంది గుమిగూడి ఉన్నారు. అందరూ కింది ఇళ్ళ వాళ్ళే, అందరికీ పదిన్నర నుంచి నెట్టు లేదు. మధ్యలో దారానికి వేలాడుతున్న ఫిర్యాదుల పుస్తకం, దానికి కట్టిన పెన్ను. కానీ ఎవరూ పెన్ను ముట్టుకోవడం లేదు. పుస్తకం మొదటి పేజీలో ఇస్త్రీ పెద్దమ్మ పెట్టిన నియమం ఉంది: ఎవరు రాస్తే వాళ్ళే ఎక్కాలి. అంటే ఫిర్యాదు రాసినవాడే నిచ్చెన మోసుకుని, తప్పెక్కడుందో దొరికేదాకా డాబాలన్నీ ఎక్కాలి, ఆపైన ఆ వారమంతా నెట్టు బాధ్యత చూడాలి. ఆ నియమం వచ్చాక వీధిలో ఫిర్యాదులు పదోవంతుకు పడిపోయాయి.

"రాయండి తాతా, మీ అక్షరాలు ముత్యాలు కదా" అంటోంది నర్సమ్మ.

"నా మోకాళ్ళు కూడా ముత్యాలేనమ్మా, గలగలమంటున్నాయి. నువ్వే రాయి" అన్నాడు పెన్షన్ తాత.

"ఇటివ్వండి!" అన్నాడు బాబాయి.

అందరూ ఇంత దారి ఇచ్చారు. నెట్టే వద్దన్న మనిషి పెన్ను పట్టుకోవడం చూసి పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. "నీ ఇంట్లో నెట్టే లేదు కదరా, నీకేం పోయింది?"

"నాకేం లేదు పెద్దమ్మా. నలుగురి బాధ చూడలేక." ఆ మాట ఎంత బాగా కుదిరిందంటే, ఒక్క క్షణం బాబాయి కూడా నమ్మాడు. అదే ఊపులో ఫిర్యాదు రాసి, కింద ఇంకో నాలుగు వరసలు కలిపాడు. వీధి నెట్టుకు పెద్ద స్తంభం ఒకటి కావాలి, స్థలం ఎవరూ ఇవ్వడం లేదన్న సంగతి ఆయన చెవిన పడి ఉంది. మాస్టారి డాబా మీద రెండు వరసల గులాబీ కుండీలున్న సంగతి కళ్ళారా చూసి ఉన్నాడు. "తప్పు ఎవరి డాబా మీద దొరికితే వాళ్ళు ఆ డాబా మీద నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు స్థలం వీధి నెట్టుకు శాశ్వతంగా ఇచ్చివేయవలెను" అని రాసి, గట్టిగా చదివి వినిపించాడు.

"కొంచెం ఎక్కువేమో బాబాయ్" అంది నర్సమ్మ.

"తప్పు చేసినవాడికి ఎక్కువ తక్కువలేంటమ్మా? పెట్టు సంతకం."

పది మందీ పెట్టారు. పెన్షన్ తాత సంతకం కింద గీత కూడా గీశాడు.

మామూలుగా వెతుకులాట మొదటి ఇంటి నుంచి మొదలవుతుంది. బాబాయి నిచ్చెన భుజాన వేసుకుని తిన్నగా చివరి ఇంటికి నడిచాడు. మాస్టారు తలుపు ఓరగా తీశాడు. పైన కోటు, టై. కింద చారల నైట్ ప్యాంటు.

"తమ్ముడూ! నువ్వా? పదకొండేళ్ళకి..."

"తమ్ముడూ గిమ్ముడూ జాన్తా నై. తనిఖీకి వచ్చాం. డాబా తాళం."

"తీసే ఉంది, చూసుకోండి. నేను కదలకూడదు. పాపం ఎవరో నా కోసం పదకొండు నుంచి ఎదురుచూస్తున్నారు, ఇటు చూస్తే నెట్టు లేదు." తలుపు మూసుకుంది.

డాబా మీద పెట్టె బ్రహ్మాండంగా ఉంది. దీపం వెలుగుతోంది, తీగ బిగుతుగా ఉంది. బాబాయి రెండుసార్లు ఊపి కూడా చూశాడు, ఊడలేదు. "పెట్టె మంచిదే బాబాయ్, దీనికి పైనుంచే అందట్లేదు" అన్నారు వెనకున్నవాళ్ళు. తర్వాతి ఇల్లు, ఆ తర్వాతది, పెన్షన్ తాతది. నిచ్చెన ఎక్కడం, దింపడం, మోయడం. ఎండ నడినెత్తికొచ్చింది. వీధిలో ఇంత ఉత్సాహంగా తప్పు వెతికిన మనిషి ఇంతవరకు లేడని అందరూ మెచ్చుకున్నారు. కబురు తెలిసి బాబాయి భార్య కూడా మంచినీళ్ళ బిందెతో ఊరేగింపులో కలిసింది. చివరికి నర్సమ్మ డాబా. అక్కడ కూడా పెట్టె ఆరోగ్యంగానే ఉంది.

"ఈ పెట్టె టైలరు గారి పెట్టెను చూడాలి కదా" అని నర్సమ్మ తలెత్తి పైకి చూసింది. వెంట వచ్చినవాళ్ళందరూ ఆమె చూసినవైపు చూశారు.

ఎదురుగా ఎండలో తళతళా మెరుస్తూ, నెత్తి మీద ఆరు పాత కుక్కర్లు మోస్తూ, ఇనప గూడు.

బాబాయి నిచ్చెనను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "ఎవరో... గాలికి కొట్టుకొచ్చి ఉంటాయి" అన్నాడు.

"కుక్కర్లు కూడానా?" అన్నాడు పెన్షన్ తాత.

"ఏమండీ, పొద్దున రేకులు మోసుకెళ్తుంటే కోళ్ళ గూడు కడుతున్నారనుకున్నానే!" అంది భార్య.

"మనకు కోళ్ళు లేవు కదే!"

"తెస్తారేమో అనుకున్నా."

ఊరేగింపు గోడ దాటి బాబాయి డాబా మీదకు వచ్చింది. గూట్లో కుర్చీ, అద్దం, దువ్వెన, తెరిచి ఉన్న ఫోను, దాని పక్కన హాల్ టికెట్. భార్య టికెట్ తీసి పైకి చదివింది. "పొయ్యిలు, కుక్కర్ల మెకానిక్ అర్హత పరీక్ష. అభ్యర్థి నంబరు నలభై ఒకటి." ఆమె మొహం ఎత్తింది. "మరి కొట్టులో అద్దం కట్టించింది ఏంటండీ?"

బాబాయి జీవితంలో చాలాసార్లు అబద్ధం చెప్పాడు గానీ, మంచినీళ్ళ బిందె పట్టుకున్న భార్య ముందు, పదిమంది సాక్షుల మధ్య, నిచ్చెన భుజాన పెట్టుకుని ఎప్పుడూ చెప్పలేదు. "వారంటీ కార్డు" అన్నాడు. "ఇవాళ ఇది పోతే రేపటి నుంచి ఆసుపత్రి పొయ్యిలు పోయినట్టే."

ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకు ఎక్కువ కష్టంగా తోచింది. సందడి విని పై ఇంటి నుంచి వచ్చిన టైలరు ఒక రేకు పట్టుకున్నాడు, నర్సమ్మ ఇంకోటి. కుక్కర్లు దొర్లాయి. గూడు విడిపోయిన మరుక్షణం ఫోను మోగింది, తెర వెలిగింది. కోటు, టై, వాటి పైన మాస్టారి మొహం.

"నమస్కారం. అభ్యర్థి నలభై ఒకటి గారేనా? ఆలస్యానికి మన్నించాలి, మా వీధిలో ఎవరో..." మాస్టారు ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నవాడు మాస్టారే. గొంతు సవరించుకుని కాగితం చదివాడు. "మొదటి ప్రశ్న. ఇది నియమం ప్రకారం అడగాలి, రికార్డవుతుంది. పరీక్షాధికారి మీకు బంధువా?"

బంధువంటే పరీక్ష ఆగిపోతుంది, ఆ మాత్రం బాబాయికి తెలుసు. పదకొండేళ్ళుగా సాధన చేసిన జవాబు ఇవాళ పనికొచ్చింది. ఛాతీ విరిచాడు. "కాదు. ఏమీ కాడు. ఈ వీధినంతా అడగండి!"

"అవునండీ, రోజూ అదే చెప్తాడు" అన్నాడు పెన్షన్ తాత, సాయం చేస్తున్నాననుకుని.

"సరిగ్గా ఆలోచించి చెప్పు తమ్ముడూ" అన్నాడు మాస్టారు.

"రికార్డవుతుంటే ఆ పిలుపేంటి? నా నోటి కాడ కూడు తీసేస్తారా అన్నయ్యా!"

నోరు జారిపోయింది. తెర మీద మాస్టారు తల దించుకుని ఏదో రాశాడు, చాలాసేపు రాశాడు.

"అయిపోయింది" అన్నాడు బాబాయి, నిచ్చెనకు ఆనుకుని. "పొయ్యిలు పోయాయి."

"ఎందుకు పోతాయి? గంటన్నర ఆలస్యమైంది. పరాయివాడివైతే నియమం ప్రకారం రద్దు చేసి, ఆరు నెలలు ఆగమనాలి. బంధువైతే నేను తప్పుకుని ఇంకొకరికి అప్పగించాలి. ఇవాళే, నాలుగింటికి. అందుకే ఆలోచించి చెప్పమన్నాను" అన్నాడు మాస్టారు. తర్వాత మెల్లగా, "అప్పటిదాకా ఆ రేకులు మళ్ళీ కట్టకు" అన్నాడు.

నాలుగింటికి బాబాయి డాబా మధ్యలో, అందరికీ కనబడేలా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెర మీద ఎక్కడో దూరాన ఉన్న ఒక మేడమ్. ఆవిడ పొయ్యిల గురించి ఆరు ప్రశ్నలడిగి, చివరికి, "కుక్కరు గాస్కెట్టు తిరగేసి పెడితే ఏమవుతుంది?" అంది. బాబాయి ఎక్కడా తడుముకోలేదు. ఆవిరి ఏ పక్కనుంచి తన్నుతుందో, మూత ఎంత ఎత్తు లేస్తుందో, సీలింగు మీద ఎంత మేర అంటుకుంటుందో, గీకి తీయడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పాడు.

"ఇంత వివరంగా చెప్పినవాళ్ళు లేరు. మీరు స్వయంగా చూశారా?"

"చూశాను మేడమ్. పదిహేడు మంది సాక్షులున్నారు."

సర్టిఫికెట్ మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది, నకలు సాయంత్రానికల్లా ఆసుపత్రికి చేరింది. వారంటీ కార్డు ఉన్న అద్దంలోనే అసలుది పెట్టారు; అంచు బంగారు రంగు లేక కొంచెం వెలవెలపోయింది. ఆ వారమంతా నిచ్చెన బాబాయి ఇంట్లోనే ఉంది. స్తంభం పాతడానికి మాస్టారే వచ్చి కొలత టేపు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస బాబాయి పట్టుకోవాల్సి వచ్చింది. మొత్తం మీద బాబాయికి పోయింది డాబా మీద నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, వెరసి పన్నెండు చదరపు అడుగులు. తీర్మానం తన చేతిరాతలోనే ఉండటం వల్ల అప్పీలుకు కూడా వీల్లేకపోయింది.